నల్ల కారుకు కార్నాబా వాక్సా, సీలెంటా?

మెరుపు ఒక్కటే చూస్తే కార్నాబాదే పైచేయి. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మైనం ఇది. నల్ల రంగుకు తడితడిగా, లోతైన నిగారింపు ఇస్తుంది. కానీ హైదరాబాద్ ఎండలో బయట నిలిపే బండికి నెలో, రెణ్ణెల్లో, అంతే. సింథటిక్ సీలెంట్ అంటే పెయింట్ మీద పూసే కృత్రిమ రక్షణ పూత; దాని మెరుపులో ఆ లోతు ఉండదు గానీ నాలుగైదు నెలలు నిలుస్తుంది. కూకట్‌పల్లి సందుల్లో రోడ్డు మీదే పార్క్ చేసేవాళ్లకైతే నా ఓటు దీనికే. సెల్లార్ ఉందా, వాక్స్ వేసుకుని ముచ్చట తీర్చుకోండి.

చారల విషయంలో మాత్రం రెండూ ఒకటే. బానెట్ కాలుతున్నప్పుడు పూసినా, మందంగా పూసినా చారలు తప్పవు. పొద్దున్నే, నీడలో, పల్చగా, ఒక్కో ప్యానెల్ చొప్పున పూసి, మైక్రోఫైబర్ గుడ్డ మడత తిప్పుతూ తుడవాలి. కడిగిన బోరు నీళ్లు బండి మీదే ఆరాయో, తెల్ల మచ్చలే! అవి ముదిరితే, పూత వేసే ముందు పాలిష్ పట్టాల్సి రావచ్చు.