ఆరు సోడియం వాల్వ్‌లు, సుంకి ఘాట్, 78 వేల కిలోమీటర్లు

మా కారు ఇంజన్‌కు, లోపల సోడియం నింపిన ఆరు ఎగ్జాస్ట్ వాల్వ్‌లకు (కాలిన పొగను బయటికి వదిలే మూతలకు) 14,400 రూపాయలు. 2022 జూన్‌లో సాలూరులో ఈ లెక్క విన్నప్పుడు, మేస్త్రి పన్నెండు వాల్వ్‌ల ధర చెబుతున్నాడేమో అనుకున్నాను. కాదట, ఆరింటికే. ఒక్కోటి 2,400. అప్పట్లో అదే కొలతలో మామూలు వాల్వ్ 750కి దొరికేది. తేడా 9,900. గొణుక్కుంటూనే కట్టాను. అప్పటి నుంచి ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగాను కాబట్టి, ఆ డబ్బు గిట్టిందా లేదా అని చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

బండి 2017లో కొన్నది. ఒక లీటరు టర్బో పెట్రోల్, మూడు సిలిండర్లు, పన్నెండు వాల్వ్‌లు, వాటిలో ఆరు ఎగ్జాస్ట్‌వి. మాది కొరాపుట్ జిల్లా జయపురం. మా తాత బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ మందుల కొట్టు పెట్టాడు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. స్టాకు విజయనగరం నుంచి తెచ్చుకోవాలి, పెద్ద ఆస్పత్రి పని పడితే విశాఖ వెళ్ళాలి. నెలకు నాలుగైదు సార్లయినా సాలూరు దారిన పోయి రావలసిందే. పోయేటప్పుడు బండి ఖాళీ, కొండ దిగుడు. వచ్చేటప్పుడు వెనక సీట్లు మడిచి అట్టపెట్టెలు కుక్కుతాం. సాలూరు దాటాక సుంకి ఘాట్, ఆ పైన పొట్టంగి, సెమిలిగుడ. కొరాపుట్ చేరేసరికి సుమారు 870 మీటర్ల ఎత్తు. బరువుతో దిగి ఖాళీగా ఎక్కే వ్యాపారమైతే ఈ సమీక్ష రాయాల్సిన అవసరమే వచ్చేది కాదేమో.

2020 డిసెంబరులో, 62 వేల కిలోమీటర్ల దగ్గర, ఘాట్ మధ్యలో కూలెంట్ పైపు క్లిప్ వదిలేసింది. నేను ఎర్ర లైటు చూసి ఆపేలోపే ఇంజన్ బాగా హీటెక్కింది. బండిని లారీ మీద ఎక్కించి కిందకు, ఒక పెద్ద గ్యారేజీకి పంపాను. హెడ్ (సిలిండర్ల మీద ఉండే, వాల్వ్‌లు బిగించిన పై భాగం) దింపారు, దాని అడుగు చదును చేసే ఫేసింగ్ పట్టించారు, కొత్త గాస్కెట్ వేశారు. బిల్లులో ‘వాల్వ్ సెట్ - 1’ అని ఒక్క ముక్క ఉంది. ఏ వాల్వ్‌లని వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. బండి స్టార్ట్ అయింది కదా, ఇంకేం కావాలి!

38 వేల కిలోమీటర్లు బాగానే నడిచింది. తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ సరిగా మండక మిస్ కొట్టడం మొదలైంది. వేడెక్కాక సర్దుకునేది. ఇంకో వారానికి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటూ, బండి మొత్తం ఊగిపోవడం. ప్లగ్‌లు మార్చాను. కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూశాను. లాభం లేదు. చివరికి సాలూరులో ఆపాను.

సాలూరు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. అది లారీల ఊరు. రోడ్డు పొడవునా షెడ్లు, లేత్‌లు, బాడీ కట్టేవాళ్ళు. హెడ్ పని చేసే ఒక పెద్ద మేస్త్రి ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూశాడు. రెండు సిలిండర్లు సరిగ్గా ఉన్నాయి, మధ్యది బాగా తక్కువ. ఆ సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ చూశాడు. అంకె పెరగలేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోశాక పెరగాలి. పెరగలేదంటే లీకు పైన, వాల్వ్ దగ్గరే. హెడ్ దింపితే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. ఆయన ఇంకో వాల్వ్ తీసి చేతిలో తూచినట్టు పట్టుకుని, “ఇవి ఈ బండివి కావు బాబూ, ఎవులేసేరివి?” అన్నాడు.

మా బండికి కంపెనీ నుంచి వచ్చినవి సోడియం నింపిన వాల్వ్‌లని నాకు అప్పుడే తెలిసింది. గ్యారేజీవాళ్ళు వాటిని తీసేసి గట్టి కడ్డీతో చేసిన మామూలువి వేశారు.

దీని కిటుకు చెబుతాను. మామూలు వాల్వ్‌కు పట్టిన వేడిలో దాదాపు ముప్పావు వంతు అది సీటు మీద (మూసుకున్నప్పుడు దాని అంచు ఆనే చోట) కూర్చున్న క్షణాల్లో హెడ్‌లోకి దిగిపోతుంది. మిగతాది కాడ మీదుగా, ఆ కాడ జారే గొట్టమైన గైడ్‌లోకి పోతుంది. సోడియం వాల్వ్ కాడ లోపల బోలుగా ఉంటుంది. ఆ ఖాళీలో సుమారు 60 శాతం సోడియం లోహం నింపి మూతి వెల్డింగ్ చేస్తారు. 98 డిగ్రీల దగ్గర సోడియం కరుగుతుంది, 883 దాటితే గానీ మరగదు. ఇంజన్ 3,000 ఆర్‌పీఎమ్ మీద ఉంటే ఒక్కో వాల్వ్ సెకనుకు 25 సార్లు పైకీ కిందికీ పోతుంది. సగం మజ్జిగ ఉన్న సీసాను ఊపినట్టు, కరిగిన సోడియం వాల్వ్ తల నుంచి కాడ కొసకు, కొస నుంచి తలకు కొట్టుకుంటూ వేడిని మోస్తుంది. సీసా నిండా నింపితే మజ్జిగ కదలదు, అందుకే ఆ ఖాళీ. దీనివల్ల వాల్వ్ తల వేడి సుమారు 100 డిగ్రీలు తగ్గుతుంది. 

కొత్త వాల్వ్ చేతికి రాగానే నేను చెవి దగ్గర పెట్టి ఊపాను. మేస్త్రి నవ్వాడు. మన ఎండలకు అది కరగదు కదా, లోపల గడ్డగానే ఉంటుంది. చప్పుడేం రాదు.

ఇది కొత్త కిటుకేమీ కాదు. సామ్ హెరాన్ అనే ఇంజనీరు 1920లలోనే విమానాల ఇంజన్ల కోసం దీన్ని పనికొచ్చేట్టు చేశాడు. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలకు పైగా ఆగకుండా ఎగిరిన విమానం ఇంజన్‌లో ఇలాంటి వాల్వ్‌లే ఉన్నాయి. మందుల పెట్టెలతో ఘాట్ ఎక్కే నాకూ అట్లాంటిక్ దాటిన ఆయనకూ ఇదొక్కటే చుట్టరికం.

కాలిన వాల్వ్ నేరమంతా సోడియం లేకపోవడం మీదే తోసెయ్యలేను. మేస్త్రి సీటుకు నీలం రంగు రాసి చూపించాడు. వాల్వ్ ఆనే గీత ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క దారమంత సన్నగా ఉంది. సన్నగా ఉన్నచోట వేడి దిగడానికి దారి లేదు, వాల్వ్ కాలింది సరిగ్గా అక్కడే. కాడలో సోడియం ఉండి ఉంటే కాస్త ఓర్చుకునేది. రెండూ లేవు. అందుకని సీట్లు కొత్తగా కట్ చేయించి, గైడ్‌లు కొలిపించి, అప్పుడే సోడియం వాల్వ్‌లు వేయించాను. అన్నీ కలిపి బిల్లు 31 వేలు.

ఇక 78 వేల కిలోమీటర్ల తర్వాత సంగతి. మిస్సింగ్ మళ్ళీ రాలేదు. ఈ మధ్య ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపి చూశాం. ఆరు వాల్వ్‌ల అంచులూ చుట్టూ ఒకే రంగు. కంప్రెషన్ మూడింటికీ దాదాపు ఒకే అంకె. ఏప్రిల్ ఎండలో, ఏసీ వేసుకుని, నిండు లోడుతో సుంకి ఎక్కినా బండి నసగదు. ఘాట్‌లో టెన్షన్ పోయింది, అదే నాకు పెద్ద లాభం.

మైలేజీ పెరిగిందా అని చాలామంది అడుగుతారు. పెరగలేదు. మామూలు వాల్వ్‌లు బాగున్న రోజుల్లో ఎంత ఇచ్చిందో ఇప్పుడూ అంతే. పికప్ కూడా అంతే. మార్చిన మొదటి రోజు బండి ఎగిరినట్టు అనిపించింది గానీ, అది పోయిన కంప్రెషన్ తిరిగి రావడం వల్ల. “సోడియం వాల్వ్ వేస్తే పవర్ పెరుగుతుంది” అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అసలు లాభం కంపెనీ ఇంజన్ తయారు చేసేటప్పుడే వాడేసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ చల్లగా ఉంటే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) భయం తగ్గుతుంది, ఇంజన్‌ను చల్లబరచడానికి లోడు మీద అదనంగా పెట్రోల్ పొయ్యడమూ తగ్గించవచ్చు. మా బండి కంప్యూటర్ సెట్టింగ్ అంతా అలాంటి వాల్వ్ ఉందన్న నమ్మకం మీద చేసింది. అందులో మామూలు వాల్వ్ పెట్టడమంటే కంప్యూటర్‌కు అబద్ధం చెప్పడమే.

దీనికి ఖర్చులు కూడా ఉన్నాయి, అవి ఎవరూ ముందు చెప్పరు. తల మీది వేడి మాయమైపోదు, కాడలోకి వస్తుంది. అక్కడి నుంచి గైడ్‌కు, ఆయిల్‌కు, ఆ ఆయిల్ కాడ వెంట కిందికి దిగకుండా ఆపే వాల్వ్ సీల్‌కు. 1,61,000 దగ్గర పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ కనబడింది. సీల్స్ గట్టిపడిపోయాయి, మార్పించాను. ఆయిల్ కూడా పది వేలకు కాకుండా 7,500కే మారుస్తున్నాను. అరిగిన గైడ్‌లో సోడియం వాల్వ్ వెయ్యడం శుద్ధ దండగ. పక్కకు ఊగే కాడ వేడిని సరిగా అప్పజెప్పలేదు. ఇంకోటి, ఈ ఎగ్జాస్ట్ వాల్వ్‌ను మెషిన్ మీద గ్రైండ్ చెయ్యకూడదు, చేత్తో పేస్టు పెట్టి సీటుకు సరిగ్గా ఆనేట్టు రుద్దే లాపింగ్ మాత్రమే. అంచు పాడైతే కొత్తదే కొనాలి.

మా బావమరిదిది సెమిలిగుడ. వాడికి టర్బో లేని పాత పెట్రోల్ వ్యాన్ ఉంది, కూరగాయలు తోలతాడు. గత ఏడాది దానిదీ ఎగ్జాస్ట్ వాల్వ్ కాలింది. నా కథ విని ఉన్నాడు కదా, “బావా, నేనూ సోడియంవి వేయించెయ్యనా?” అని ఫోన్. వద్దన్నాను. వాడి బండి లక్షా పది వేలు మామూలు వాల్వ్‌లతోనే తిరిగింది. చూస్తే ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కూ దాన్ని తొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) లేనే లేదు. ఇంజన్ చప్పుడు చేస్తోందని ఎవరో బిగించేశారు. గ్యాప్ లేకపోతే వేడికి సాగిన వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు, కూర్చోకపోతే వేడి దిగదు, కాలుతుంది. సన్నగా టకటకలాడే ట్యాపెట్ మంచిదే, చప్పుడు లేని ట్యాపెట్‌నే అనుమానించాలి. వాడికి మామూలు వాల్వ్‌లు, సరైన గ్యాప్, అంతే. ఇప్పటికీ సంతకు పోతోంది. డీజిల్ బండివాళ్ళకైతే ఈ గొడవే లేదు. డీజిల్ పొగ పెట్రోల్ అంత వేడిగా రాదు. అన్ని లారీ హెడ్‌లు విప్పిన మా మేస్త్రికే ఇవి కనబడేది తక్కువ.

నా డబ్బు లెక్క చెబుతాను. 31 వేలలో వాల్వ్‌లు తీసేస్తే హెడ్ దింపి ఎక్కించే ఖర్చు 16,600. మళ్ళీ మామూలువే వేసి, అవి మళ్ళీ 38 వేలకే పోతే, ఇప్పటికి రెండుసార్లు హెడ్ దింపేవాణ్ణి. సీల్స్, ఆయిల్ ఖర్చు కలుపుకున్నా నాకు 9,900 గిట్టింది. టర్బో పెట్రోల్ బండి, కంపెనీ నుంచే సోడియం వాల్వ్‌లతో వచ్చింది అయితే అవే వెయ్యండి, బేరమాడకండి. బిల్లులో పార్ట్ నంబర్ రాయించుకోండి. మామూలు వాల్వ్‌లతో వచ్చిన బండికి మాత్రం ఆ డబ్బు సీటు పని మీద, గైడ్‌ల మీద పెట్టండి.

ఒక హెచ్చరిక. షెడ్లలో పాత వాల్వ్ కాడతో పంచ్ (సుత్తితో కొట్టే మొన) చేసుకోవడం అలవాటు. సోడియం వాల్వ్‌తో ఆ పని చెయ్యకండి. కోసినా, డ్రిల్ పెట్టినా, వెల్డింగ్ చేసినా లోపలి సోడియం బయటపడుతుంది. దానికి నీళ్ళు తగిలితే హైడ్రోజన్ పుట్టి భగ్గున అంటుకుంటుంది, పేలుతుంది. తడి చెయ్యి చాలు. మా పని జరుగుతున్నప్పుడు షెడ్డు కుర్రాడు, తీసేసిన వాటిల్లో ఒకటి పంచ్‌కు ఇమ్మని అడిగాడు. అవి మామూలువి కాబట్టి మేస్త్రి ఇచ్చాడు, కానీ ముందు కొత్త వాల్వ్ పక్కన పెట్టి తేడా చూపించాకే.

అప్పుడే నాకు కంపెనీ వాల్వ్‌లు గుర్తొచ్చాయి. అవి పాడవకుండా ఉంటే లాపింగ్ చేసి మళ్ళీ వేసేవాళ్ళమని మేస్త్రి అన్నాడు. పాత గ్యారేజీకి ఫోన్ చేశాను. ఎప్పుడో తుక్కులో పోయాయన్నారు. 14,400 గుర్తొచ్చి నాకు కడుపు మండింది. మేస్త్రి మాత్రం, “పోతే పోనీండి బాబూ, ఎవులూ కొయ్యకుంటే అదే చాలు” అన్నాడు.