హార్న్‌బ్లోవర్ కంటే బుష్ కోసం చదవాలె

సి.ఎస్. ఫారెస్టర్ 1952ల రాసిన ఇంగ్లిష్ నవల 'లెఫ్టినెంట్ హార్న్‌బ్లోవర్' పేరుకే హార్న్‌బ్లోవర్‌ది. కథంతా విలియం బుష్ కండ్ల ముంగటనే నడుస్తది. 'రినౌన్' బ్రిటిష్ నౌకాదళంల 74 ఫిరంగుల తెరచాప యుద్ధ ఓడ, అండ్ల ఐదుగురు లెఫ్టినెంట్లు. బుష్ మూడోవాడు, హార్న్‌బ్లోవర్ ఆఖరోడు. తెలివి ఉన్నోడు కింద, మామూలు మనిషి పైన. ఈ తిరకాసు మీదనే నవల నిలబడ్డది.

బుష్‌కు కొత్త ఉపాయాలు తట్టవు. గాని ఇంకొకరికి తడితే, అది పనికొస్తదని ఒప్పుకునే మనసున్నది, చేయించే చేవ ఉన్నది.

శత్రువు కోట ముంగట ఓడ బురదల కూరుకపోయే ఘట్టం చూడండి. సాగర్ ఎడమ కాల్వ కింద దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ దిగబడ్డది చూసినోళ్లకు ఇది చప్పున అర్థమైతది. అసలు తిప్పలు బరువుతోని కాదు, బురద పట్టుతోని. లంగరును పడవల దూరం తీస్కపోయి వేసి, దాని మోకును ఓడ మీది చక్రానికి చుట్టి మనుషులు గుంజుతరు. కదలదు. ఫిరంగులన్నీ ఒక్కపాలే పేలుద్దామంటడు హార్న్‌బ్లోవర్. ఆ అదురుకు పట్టు సడలుతది.

శత్రువు ఓడలకు నిప్పంటించనీకి ఎర్రగ కాల్చిన ఇనుప గుండ్ల సంగతి ఇంకా బాగుంటది. ఫిరంగిల పేలుడు మందు మీద పొడి అడ్డు, దాని మీద తడి అడ్డు, ఆ తర్వాతనే గుండు. తడి అడ్డు లేకుంటే మందు అక్కడికక్కడే అంటుకుంటది. పెట్టినంక ఆలస్యం చేసినా తడి ఆరి అదే గతి. ఇవేవీ పాఠం లెక్క ఉండవు, పని నడుస్తుంటేనే తెలుస్తయి.

ఆఖరి భాగమే సాగదీత. 1802 ఆమియాన్ సంధితోని ఫ్రాన్స్‌తో యుద్ధం ఆగి, ఓడ పని లేని అధికారులకిచ్చే సగం జీతం మీద బుష్ రోజులు గడుస్తయి. హార్న్‌బ్లోవర్ పోర్ట్స్‌మత్ రేవు ఊర్ల విస్ట్ అనే పేకాట ఆడుతుంటడు: నలుగురు, తలకు 13 ముక్కలు, పంచిన ఆఖరి ముక్క ఏ రంగైతే అదే హుకుం. పేకాట రానోళ్లకు విసుగే. అయినా పేజీలు దాటెయ్యొద్దు, ఇంటోళ్లను సాదాల్సిన బుష్ పైస పైస లెక్కపెట్టుకునేది ఇక్కడనే కనపడుతది.

తెరచాపలు, తాళ్ల పేర్లు మొదటి 50 పేజీలు తికమక పెడ్తయి. సాగర్ లాంచీ తప్ప వేరే ఓడ ఎక్కని మనకు తప్పదు. తెరచాప ఓడ బొమ్మ ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు.

ఇది అయినంక 1937ల వచ్చిన 'ది హ్యాపీ రిటర్న్' పట్టండి. అండ్ల హార్న్‌బ్లోవర్ కెప్టెన్, బుష్ ఆయన కింద ఫస్ట్ లెఫ్టినెంట్.