రేడియేషన్ ముందు తీసే బొమ్మ: ఎక్స్‌రేనా, కోన్ బీమ్ సీటీనా?

మావయ్యకి గొంతు క్యాన్సర్. 35 సిట్టింగులు, వారానికి 5 చొప్పున. అమలాపురం నుంచి కాకినాడకి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. రోజూ కిరణాలు వదిలే ముందు బొమ్మ తీసి, ప్లానింగ్ స్కాన్‌తో (కిరణాలు ఎక్కడ పడాలో లెక్క వేయడానికి మొదట్లో తీసిన స్కాన్) పోల్చి, తేడా ఉంటే బల్లని మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు.

ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసే ఎక్స్‌రేలు చిటికెలో అయిపోతాయి, వాటి రేడియేషన్ కూడా తక్కువే. కానీ ముఖ్యంగా ఎముకలే తెలుస్తాయి. తలలో గడ్డలకి చాలావరకు అది సరిపోతుంది.

కోన్ బీమ్ సీటీలో మెషిన్ మనిషి చుట్టూ తిరుగుతుంది, సుమారు నిమిషం పడుతుంది. కండ, పేగు, మూత్రాశయం కూడా కనిపిస్తాయి. ప్రొస్టేట్ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కైతే ఇదే కావాలంటాను. మూత్రాశయం, పేగు ఎంత నిండాయన్నదాన్ని బట్టి ప్రొస్టేట్ జరుగుతుంది, పక్కన ఎముక మాత్రం కదలదు. అందుకే మూత్రాశయం సరిగా నిండకపోతే అక్కడి సిబ్బంది "ఇంకో గ్లాసు నీళ్ళు తాగి కాసేపు ఆగండి బాబాయ్ గారూ" అంటారు. ముందే ప్రొస్టేట్‌లో గుర్తుగా బంగారు గింజలు పెట్టి ఉంటే ఎక్స్‌రేలోనూ దాని జాడ దొరుకుతుంది.

ఇక మావయ్య సంగతి. మూడో వారానికి గంజి కూడా దిగక చిక్కిపోయారు. తల కదలకుండా ముఖం మీద బిగించే మాస్క్ దవడ దగ్గర వదులై వేలు దూరేంత సందు వచ్చింది. ఎక్స్‌రేలో ఎముకలు సరిగ్గానే ఉన్నాయి! వారానికోసారి తీసే సీటీలోనే మెడ సన్నబడిందని తేలింది. కొత్త మాస్క్ చేసి, ప్లాన్ మళ్ళీ వేశారు. మీవాళ్ళకి మాస్క్ వదులనిపిస్తే ఆ రోజే చెప్పండి, సీటీ ఎన్నాళ్ళకోసారి తీస్తారో కూడా అడగండి.