టైరు వాల్వ్ పిన్ను, మూత, పిన్ను తిప్పే టూల్: ఆరేళ్ల వాడకం తర్వాత

కారు కొన్న మూడో ఏడు ఎడమవైపు వెనక టైరులో గాలి వారానికి 3, 4 పీఎస్ఐ చొప్పున దిగడం మొదలైంది. రెండుసార్లు చక్రం విప్పించి నీళ్లలో ముంచి చూపించాను. మేకు లేదు, గాటు లేదు. వాల్వ్ మూత బిగించే ఉంచి ముంచారని తర్వాత గానీ తట్టలేదు. ఇంటికొచ్చి మూత తీసి, వాల్వ్ మూతి మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేశాను. పొర మెల్లగా ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. గాలి పోతున్నది లోపలి పిన్ను నుంచి.

కొందరు దీన్నే వాల్వ్ కోర్ అంటారు. అగ్గిపుల్లంత సన్నటి ఇత్తడి ముక్క, చిన్న స్ప్రింగు, రబ్బరు సీలు, అంతే. ఇలా లోపల పిన్నుండే వాల్వ్‌ని ష్రేడర్ రకం అంటారు, దానికి పేటెంట్ వచ్చింది 1893లో. ఇప్పటికీ కార్లకూ బైకులకూ అదే రకం. నేను తీసిన పాత పిన్ను సీలుకి ఇసుక రేణువు ఒకటి గుచ్చుకుని ఉంది. ఇన్నాళ్లూ గాలి తీసేసింది అదే.

మార్చడం పది నిమిషాల పని. కానీ జాకీ వేశాకే పిన్ను విప్పాలి, ఎందుకంటే గాలి మొత్తం పోతుంది, బండి బరువుకి టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. చివరి చుట్టు దగ్గర వేలు అడ్డం పెట్టకపోతే పిన్ను ఎగిరిపోతుంది. కొత్తది ముందు వేళ్లతోనే తిప్పి, ఆగాక కొద్దిగా బిగిస్తే చాలు. గట్టిగా బిగిస్తే సీలు నలిగి మళ్లీ అదే లీకు. టూల్స్‌లో నాలుగు మొనలది, స్క్రూడ్రైవర్‌లా పొడుగ్గా ఉండేది రెండూ కొన్నాను. వీల్ కవర్ సందులోకి పొడుగుదే వెళ్తుంది. నాలుగు మొనలది మాత్రం చెడిన మరలు సరిచేసి ఒకసారి వాల్వ్‌ని కాపాడింది.

మూతల విషయంలో నా సలహా ఒక్కటే: మెరిసే అల్యూమినియం మూతలు వద్దు. వానాకాలం దాటేసరికి ఇత్తడి మర మీద కరుచుకుపోయాయి. పట్టకారుతో తిప్పితే వాల్వ్ కాండమే, అంటే పిన్ను కూర్చునే గొట్టమే మెలితిరిగింది, దాంతో మొత్తం వాల్వ్ మార్చాల్సి వచ్చింది. లోపల రబ్బరు వాషరున్న మామూలు ప్లాస్టిక్ మూతలే ఇప్పుడు వాడుతున్నాను. దుమ్మూ నీళ్లూ పిన్ను దాకా పోవు.

రబ్బరు కాండం బయటి నుంచి మారదు, టైరు రిమ్ము నుంచి దించాలి. అందుకే కొత్త టైర్లు వేయించిన ప్రతిసారీ వాల్వ్‌లు కూడా మార్చమని అడగండి. కాండం వంచి చూస్తే దాని మొదలు దగ్గర సన్నటి పగుళ్లు కనబడితే ఇక ఆగొద్దు. టైరు గాలి సెన్సర్లున్న బండికి ఇంకో జాగ్రత్త: వాటి అల్యూమినియం కాండంలో నికెల్ పూతున్న పిన్నే వేయాలి, ఉత్త ఇత్తడిది వేస్తే తుప్పు పట్టి లోపలే బిగుసుకుపోతుంది.

స్టెప్నీని మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు. కిందటేడు చూస్తే 14 పీఎస్ఐ ఉంది. పిన్ను మార్చి 33 కొట్టించాను. ఈ నెల కొలిస్తే 31.