బ్యాంకాక్‌కు డిసెంబరు మేలా, జులై మేలా?

బ్యాంకాక్‌కు ఎప్పుడు వెళ్లాలని అడిగేవారికి తరచుగా వచ్చే జవాబు డిసెంబరు, జనవరి. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ఈశాన్య రుతుపవనాలు చైనా వైపు నుంచి పొడిగాలిని మోసుకువస్తాయి కనుక ఆ నెలల్లో వాన దాదాపు ఉండదు, ఉక్కపోత తగ్గుతుంది, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 22 డిగ్రీల దాకా దిగుతుంది. వాట్ అరుణ్ ఆలయం మెట్లు ఎక్కడానికి అంతకన్నా అనువైన కాలం లేదు.

అయితే నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చవలసింది ఎండావానలు కాదు, పీల్చే గాలి. చలికాలంలో గాలి కదలిక మందగించి, నేలనంటిన చల్లగాలిపై వెచ్చని పొర మూతలా నిలిచిపోతుంది. వాహనాల పొగ, చుట్టుపక్కల పొలాల్లో వరి కొయ్యకాళ్లు, చెరకు చెత్త తగలబెట్టిన పొగ దాని కిందే పేరుకుంటాయి. 2025 జనవరిలో ఈ పొగలోని సూక్ష్మధూళి వల్ల అక్కడ 350కి పైగా బడులు మూతపడ్డాయి. ఆస్తమా ఉన్నవారినో, పసిపిల్లలనో వెంట తీసుకువెళ్లేవారు హోటల్ ధరలకన్నా ముందు దీన్ని చూసుకోవాలి.

జులైలో వాన తప్పదు గానీ, అది చాలావరకు రోజంతా పట్టే ముసురు కాదు. ఉదయం తెరిపిగా ఉండి, మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి, కుండపోతగా కురిసి వెలుస్తుంది. రాజప్రాసాదాన్ని ఎలాగూ ఉదయం ఎనిమిదిన్నరకే తెరుస్తారు కాబట్టి, ఆరుబయట చూడవలసినవి భోజనవేళకు ముందే ముగించుకుంటే రోజు వృథా కాదు. ఆ ప్రాంగణంలోని మరకత బుద్ధుడికి ఏడాదికి మూడుసార్లు, రుతువు మారినప్పుడల్లా, రాజు గానీ ఆయన తరఫున రాజకుటుంబీకులు గానీ వస్త్రం మారుస్తారు. భిక్షువులు వానాకాలంలో ఒకేచోట ఉండిపోయే వర్షావాసం మొదలయ్యాక వెళితే ఒక భుజం విడిచి కప్పిన బంగారు వస్త్రంలో ఆ మూర్తిని చూడవచ్చు. అంగళ్లలో మాంగోస్టీన్, రాంబుటాన్ పండ్లు గుట్టలుగా ఉండేదీ అప్పుడే. వాన కడిగిన గాలి, ఖాళీగా దొరికే గదులు కూడా కలిసి నా మొగ్గును జులై వైపే తిప్పుతున్నాయి.

ఏప్రిల్‌లో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటుతుంది. 13 నుంచి 15 వరకు జరిగే సోంగ్‌క్రాన్ నీళ్ల పండుగ కోసమైతే తప్ప అప్పుడు వెళ్లనక్కర్లేదు. సెప్టెంబరులో వానలు మరీ ఎక్కువ, వీధుల్లో నీళ్లు నిలుస్తాయి.

తడిసిన నేలపై నడవడానికి ఇబ్బందిపడే పెద్దవారు వెంట ఉంటే మాత్రం నవంబరు రెండో సగాన్ని ఎంచుకోవాలి. అప్పటికి వానలు తగ్గిపోతాయి, పొగ ఇంకా అంతగా పట్టదు.