మూడు నెలలకో బెల్టా, ఒక్క కటా మీద ఏడాదా: ఏది మేలు?

మా ఇంట్లో తలుపు వెనక మేకుకు రెండు కరాటే బెల్టులు వేలాడుతుంటాయి. బాబుది బ్రౌన్, నాది ఆరెంజ్. 2024 మేడారం జాతర అయినంక ఇద్దరం తెల్ల బెల్టుతో ఒకేసారి మొదలుపెట్టాం, 2026 జాతర వచ్చేసరికి వాడు ఆరు గ్రేడింగులు, అంటే బెల్టు పరీక్షలు, దాటాడు, నేను రెండే. ఇద్దరిదీ కరాటేలో షోటోకాన్ అనే శైలే, క్లాసులు మాత్రం వేరు. వాడు హన్మకొండలో ఇంటి పక్కనే ఉన్న క్లాసుకు పోతాడు, అక్కడ మూడు నెలలకో బెల్ట్ టెస్ట్, టెస్టుకో కొత్త కటా, అంటే ఒక్కరే ఒక వరుసలో చేసే దెబ్బలు, బ్లాకుల కదలికలు. నేను కాజీపేటలో ఒక పెద్ద మాస్టారు దగ్గరికి పోతాను, చేస్తున్న కటా ఒంటికి పట్టిందని ఆయనకు అనిపించేదాకా పై కటా ముట్టుకోనివ్వరు. పిల్లల్ని ఎక్కడ చేర్పించాలని తెలిసినవాళ్లు అడుగుతుంటే ప్రతిసారీ ఒక ముక్క చెప్పి ఊరుకునేదాన్ని, ఇప్పుడు మొత్తం రాస్తున్నా.

ముందు వాడి పద్ధతి గురించి. పిల్లలకు మూడు నెలలంటే చిన్న సమయం కాదు. ఎదురుగా ఒక బెల్టు కనబడకపోతే ఎనిమిదేళ్ల పిల్లవాడు పొద్దున ఐదున్నరకు లేవడు, ఎంత చెప్పినా లేవడు. పైగా షోటోకాన్‌లో మొదట నేర్పే హెయాన్ కటాలు ఐదూ పుట్టిందే బడిపిల్లల కోసం. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే కరాటే మాస్టారు 1900ల మొదట్లో కరాటేను బడుల్లోకి తెచ్చినప్పుడు పెద్ద కటాలు చిన్నపిల్లలకు బరువవుతాయని వీటిని మెట్లు మెట్లుగా కూర్చాడు. అప్పుడు వీటి పేరు పినాన్, హెయాన్ అని మార్చింది తర్వాత షోటోకాన్‌కు మూలపురుషుడైన ఫునాకోషి గిచిన్. కాబట్టి పిల్లల్ని ఒక్కో మెట్టే ఎక్కించడం తప్పేం కాదు. పోటీలకు పంపాలనుకునేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది, రౌండ్ మారితే సాధారణంగా కటా కూడా మార్చాలి, ఒక్క కటాతో ఎంత దూరం పోతారు? ఇంకోటి, పెళ్లిళ్లలో నా కొంగు వెనక దాక్కునేవాడు ఇప్పుడు ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ల ముందు నిలబడి గొంతెత్తి కియాయ్ అనే కేక వేస్తున్నాడు. అది గ్రేడింగుల వల్లే వచ్చింది, ఆ మేలు నేను మర్చిపోను.

కానీ వాడి నాలుగో గ్రేడింగ్ రోజు చూసింది కూడా మర్చిపోలేను. ఎప్పుడూ క్లాసులోనే జరిగేది, ఆసారి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. కొత్త కటా బాగానే చేశాడు. తర్వాత ఎగ్జామినర్ హెయాన్ షోదాన్ చేయమన్నారు, అంటే మొట్టమొదటి కటా, ఇరవయ్యొక్క కదలికలు, అంతే. తల మీదికొచ్చే దెబ్బను ఆపే పై బ్లాకులు మూడు వేసి కియాయ్ ఇచ్చాడు, అక్కడ కుడికాలి మీద ముప్పావు చుట్టు తిరగాలి, తిరగబోయి ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. చివరికి తప్పు వైపు తిరిగాడు. ఇంటికొచ్చి అడిగితే ఏమన్నాడంటే, "అమ్మా, మా క్లాసులైతే అక్కడ వాటర్ ట్యాంక్ దిక్కు తిరగాలె, ఈడ ట్యాంక్ లేదు కదా." వాడు గోడల్నీ గేటునీ ట్యాంకునీ గుర్తు పెట్టుకున్నాడు, కటాను కాదు. అయినా పాస్ చేశారు, బెల్టు ఇచ్చారు. ఆ రోజు నాకు వాడి మీద కోపం రాలేదు, ఆ బెల్టు ఇచ్చినవాళ్ల మీద వచ్చింది, మూడు నెలలు ఆపి నేర్పి ఉంటే వాడికే మంచిది.

ఇక నా పద్ధతి. హెయాన్ షోదాన్ ఒక్కటే పదకొండు నెలలు చేశాను. కదలికల వరుస పది రోజుల్లో వచ్చేసింది, మిగతా కాలమంతా దేనికంటే, కాలు ముందు పడి చెయ్యి తర్వాత వచ్చేది. మాస్టారు ప్రతిసారీ ఆపేవారు: "జర ఆగు బిడ్డా, కాలు పడ్డంక గుద్దుడు కాదు, రెండూ ఒక్కసారే పడాలె." నడుము తిరిగితేనే రెండూ కలుస్తాయని నాకు అర్థమవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన చెప్పిన ఒక పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. డాబా మీద నిలబడిన చోట ముగ్గుపిండితో గీత గీసి కటా చేయాలి. హెయాన్ షోదాన్ మొదలైన చోటే ముగియాలి, మధ్య గీత మీద మూడడుగులు పోతాం, మూడడుగులు వస్తాం. పోయేటప్పుడు అడుగు పెద్దదిగా, అలసిపోయి వచ్చేటప్పుడు చిన్నదిగా పడితే ముగ్గు గీత దాకా చేరలేం. నేను మొదట రెండడుగుల దూరంలో ఆగేదాన్ని.

ఈ పద్ధతిలో కష్టాలు లేకపోలేదు. నాతో చేరినవాళ్లలో ఇద్దరు ఆర్నెల్లకే మానేశారు, "ఇంకా అదే బెల్టా" అని చుట్టాలు అడుగుతుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం దిద్దేవాళ్లు లేకపోవడం. ఎవరూ చూడకుండా ఏడాది పాటు తప్పు అడుగే వేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది, అట్లాంటి ఏడాది కన్నా మూడు నెలల టెస్టే నయం.

అయినా పెద్దవాళ్లకైతే, పన్నెండు దాటిన పిల్లలకైతే నేను కాజీపేట పద్ధతే మేలంటాను. ఒకినావాలో పాతకాలంలో బెల్టులే లేవు. జూడోను మొదలుపెట్టిన కానో జిగోరో అందులో పెట్టిన డాన్ పద్ధతిని, అంటే బ్లాక్ బెల్టు స్థాయిలను, ఫునాకోషి కరాటేలోకి తెచ్చి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. అదే ఫునాకోషి మూడు టెక్కి కటాలు నేర్చుకోవడానికే తనకు పదేళ్లు పట్టిందని చెప్పుకున్నాడు. మా బాబు వాటిలో మొదటిదైన టెక్కి షోదాన్‌ను మూడు నెలల్లో పూర్తి చేశాడు, పూర్తి చేశాడంటే వరుస వచ్చింది.

చిన్నపిల్లలకు గ్రేడింగుల క్లాసే సరే, కాకపోతే చేర్పించే ముందు ఒక సాయంత్రం పోయి కూర్చోండి. గ్రీన్ బెల్టు దాకా వచ్చిన పిల్లలతో పాత కటాలు చేయిస్తున్నారా, లేక రాబోయే టెస్టు కటా ఒక్కటే తిప్పుతున్నారా చూడండి. టెస్టులో ఎవరినైనా ఎప్పుడైనా ఆపారా అని అడగండి. ఎప్పుడూ ఎవరినీ ఆపలేదంటే వేరే క్లాసు వెతుక్కోండి, దూరమైనా పర్వాలేదు.

మేము బాబును క్లాసు మాన్పించలేదు, వాడి దోస్తులంతా అక్కడే ఉన్నారు. ఆదివారం పొద్దున మాత్రం ఇద్దరం డాబా ఎక్కుతాం. ఏ దిక్కుకు మొహం పెట్టి మొదలుపెట్టాలో నేను చెప్తాను, ఒకసారి భద్రకాళి చెరువు వైపు, ఒకసారి రోడ్డు వైపు, వాడు హెయాన్ షోదాన్ చేస్తాడు. మొన్న ముగ్గు గీతకు నాలుగు వేళ్ల ఇవతల ఆగాడు. చూసుకుని, నేనేం అనకముందే తిరిగొచ్చి గీత మీద నిలబడి మళ్లీ మొదలుపెట్టాడు.