సోల లెక్క, కేజీ లెక్క: సెర్చ్ కన్సోల్‌తో ఏడేళ్లు

గూగుల్ సెర్చ్ కన్సోల్ వాడటం 2018లో మొదలుపెట్టాను. మాది పచ్చళ్ల సైటు. భీమవరం దగ్గర మా ఊళ్లో అమ్మ పెట్టే పచ్చళ్ల కొలతలు తెలుగులో రాస్తాను, వేసవిలో ఆర్డర్లు కూడా తీసుకుంటాం. ఏడేళ్లుగా దాదాపు రోజూ తెరిచి చూస్తున్నాను కాబట్టి ముందే ఒక మాట చెప్పేస్తాను. దీన్ని పెట్టుకున్నంత మాత్రాన సైటు ర్యాంకు పెరగదు. జనం ఏమని వెతికితే మన పేజీ కనబడిందో, ఎంతమంది నొక్కారో, సగటున ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. పైసా కట్టక్కర్లేదు. నా సైటు పైకి రావడానికి నాకు దొరికిన ఆధారం మాత్రం ఇదొక్కటే.

మా ఆవకాయ పేజీ చాలాకాలం గూగుల్ ఫలితాల్లో రెండో పేజీ చివరే ఉండిపోయింది. ఒకరోజు పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఆ పేజీ ఒక్కదాన్నే ఎంచుకుని క్వెరీలు, అంటే జనం వెతికిన మాటలు, తెరిచాను. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మన పేజీ కనబడిన సార్లు) వేలల్లో ఉన్నాయి, క్లిక్కులు పదుల్లో. ఒక్కో వరసా చదువుతూ పోతే మళ్లీ మళ్లీ ఒకటే మాట తగులుతోంది: కేజీ. కేజీ ముక్కలకు ఉప్పెంత, కేజీకి కారం ఎంత, రెండు కేజీల ఆవకాయ కొలతలు. నేనేమో అమ్మ చెప్పినట్టే సోలెడు కారం, సోలెడు ఆవపిండి, ఉప్పు సోలకు కాస్త వెలితిగా అని రాశాను. అదీ అమ్మమ్మగారి ఊరి కబుర్లు నాలుగు పేరాలు అయ్యాక.

ఆ సాయంత్రమే వంటింట్లో తూకం పెట్టుకుని కూర్చున్నాం. అమ్మ తన ఇత్తడి సోలతో కొలిచి పోస్తుంటే నేను గ్రాములు రాసుకున్నాను. సోల ఒకటే అయినా కారం తూగినట్టు ఉప్పు తూగదు. రాళ్ల ఉప్పుకీ మెత్తటి ఉప్పుకీ మళ్లీ తేడా. ఆ లెక్కంతా పట్టికగా చేసి పేజీ మొదట్లో పెట్టాను, శీర్షికలో ‘కేజీ ముక్కలకు కొలతలు’ అని చేర్చాను. కబుర్లు తీసేయలేదు, కిందికి దించానంతే. ఆ వేసవి అయ్యేలోపు మొదటి పేజీలో నాలుగైదు స్థానాల్లోకి వచ్చాం. దీనికోసం ఒక్క బ్యాక్‌లింక్ (వేరే సైటు నుంచి మన పేజీకి ఇచ్చే లింకు) కూడా కొనలేదు.

తెలుగులో రాసేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. మా క్వెరీల్లో ఎక్కువ భాగం తెలుగు మాటలే, కానీ టైపు చేసింది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆవకాయ ఒక్కదాన్నే ఐదారు రకాలుగా కొడతారు. అవన్నీ పేజీలో ఇరికించడం వల్ల మేలు లేదు, చదివేవాళ్లకు చిరాకు. ఇంగ్లిష్ అక్షరాల పేరు ఒక్కసారి శీర్షిక పక్కన రాసి వదిలేశాను. పేజీ అడ్రసు కూడా మార్చాను. తెలుగు అక్షరాలతో అడ్రసు పెడితే, కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ‘ఆవకాయ’ అనే చిన్న మాట దీర్ఘంతో కలిపి నలభై ఐదు గుర్తుల చాంతాడు అవుతుంది, మధ్యమధ్య శాతం (%) గుర్తులతో. దాన్ని చూసి వైరస్ లింకేమోనని మా పిన్నే నొక్కలేదు. అడ్రసు మారిస్తే పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్టు (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించేది) పెట్టడం మరవకండి. దీనివల్ల ర్యాంకు పెరిగిందని నేను అనను, మనుషులు నమ్మి నొక్కడం పెరిగింది.

ఈ పరికరం విలువ నాకు బాగా తెలిసొచ్చింది ఒక ఏప్రిల్‌లో. సైటుకు కొత్త డిజైన్ చేయించాం. చేసినాయన పని జరుగుతున్నప్పుడు వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడిలో టిక్కు పెట్టి, సైటు అప్పగించేటప్పుడు తీయడం మరిచిపోయారు. సరిగ్గా కాయలు మార్కెట్లోకి వచ్చే రోజులు. ఆర్డర్ల ఫోన్లు తగ్గితే ఎండలనుకున్నాం. కన్సోల్ తెరిస్తే గ్రాఫు కిందికి జారుతోంది, పేజీల రిపోర్టులో వరసగా ‘నోఇండెక్స్’, అంటే ఈ పేజీని గూగుల్ ఫలితాల్లో చూపొద్దనే గుర్తు. కడుపులో దేవినట్టయింది. టిక్కు తీసి, సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) మళ్లీ పంపి, ముఖ్యమైన పేజీల అడ్రసులు ఒక్కొక్కటే కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి ఇండెక్సింగ్, అంటే గూగుల్ తన జాబితాలో మళ్లీ చేర్చుకోవడం, అడిగాను. రోజుకు ఇన్నే అడగాలన్న పరిమితి ఉంది, ఒకే పేజీకి పదిసార్లు అడిగినా త్వరగా ఏమీ అవదు. అన్నీ తిరిగొచ్చేసరికి మూడు వారాలు పట్టింది, ఆ ఏటి సీజను సగం పోయింది. అప్పట్నుంచి సైటులో ఏది మార్చినా ముందు ఆ రిపోర్టే చూస్తాను.

లోపాలూ ఉన్నాయి. డేటా 16 నెలలదే ఉంటుంది. పచ్చళ్లలాంటి సీజను సరుకు ఉన్నవాళ్లకు ఈ మేని నిరుటి మేతో పోల్చుకోవడానికి సరిపోతుంది, అంతకు ముందటి ఏడాది మాయం. అందుకే ఏటా జూన్ నెలాఖరున అంతా షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుంటాను. పట్టికలో 1000 వరసలే కనబడతాయి, అంతకు మించి కావాలంటే పేజీవారీగా, దేశంవారీగా ఫిల్టర్ పెట్టి చూడాలి. సగటు స్థానం అంకెను మాత్రం నమ్ముకుని కూర్చోకండి. ఒక క్వెరీకి రెండో స్థానం, ఇంకోదానికి నలభైయో స్థానం ఉన్నా, రెండిటి ఇంప్రెషన్లూ సమానమైతే కలిపి ఇరవై ఒకటి అని చూపిస్తుంది. క్వెరీ ఒక్కొక్కటీ విడిగా చూస్తేనే దానికి అర్థం.

నెలలో ఫస్ట్ పేజీలో పెడతామని ఫోన్లు చేసేవాళ్లు మీకూ తగులుతారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. ఒకసారి అలాంటివాళ్లకు డబ్బు కట్టాం. మూడు నెలలు పోయాక చూస్తే, పచ్చళ్లకు సంబంధమే లేని సైట్ల నుంచి లింకుల గుట్ట తప్ప ఏమీ మిగల్లేదు. ఆ డబ్బుతో రెండు మంచి తూకాలు వచ్చేవి.

దేశాలవారీగా చూస్తే మాకు ఇండియా తర్వాత అమెరికానే. అక్కడివాళ్లు అడిగేవి వేరు, పప్పునూనె బదులు ఏం వాడాలి, జాడీ లేకపోతే ఎలా అని. మొన్న కొత్తగా ఒక క్వెరీ కనబడింది: మూడో రోజుకు ఊట రాకపోతే ఏం చేయాలి. మా సైటులో దీనికి జవాబు ఎక్కడా లేదు. అమ్మనడిగితే ముందు కాయ ఏ రకమో, కోసి ఎన్నాళ్లయిందో అడగమంది. ఆ పేజీ ఇప్పుడు రాస్తున్నాను, కాయలు దిగేలోపు పెట్టేయాలి.